చేయని ఆపరేషన్ పాపం ఎవరిది?

మూత్రాశయంలో రాయి పడ్డ మనిషికి కత్తి పెట్టే ముందు రాజుకు చెప్పి మొదలుపెట్టమన్నాడు సుశ్రుతుడు. ఆయన సంహిత చికిత్సాస్థానంలో, అశ్మరి అధ్యాయంలో ఉంది ఈ సంగతి. తర్కం సూటిగా ఉంటుంది. కోయకపోతే ఆ మనిషి చావడం ఖాయం, కోస్తే బతుకుతాడో లేదో అనుమానం. కాబట్టి కోయవలసిందే, కానీ పైవాడి అనుమతి తీసుకుని కోయాలి. ఎందుకు తీసుకోవాలో ఆయన విడమరచి చెప్పలేదు. రోగి పోతే నింద అంతా కత్తి పట్టినవాడి నెత్తినే పడకుండా ఉండడానికని ఊహించడం కష్టమేమీ కాదు.

చరకుడిది వేరే ధోరణి. అసాధ్యమైన రోగానికి వైద్యం తలకెత్తుకున్నవాడు డబ్బు పోగొట్టుకుంటాడు, చదువుకు మచ్చ తెచ్చుకుంటాడు, పేరు చెడుతుంది, నలుగురి నోళ్ళలో పడతాడు అని సూత్రస్థానంలో హెచ్చరించాడు. సాధ్యమేదో అసాధ్యమేదో ముందే తేల్చుకో, తేలాక అసాధ్యం జోలికి పోకు అని ఆయన సలహా. కౌటిల్యుడు ఇంకో అడుగు వేసి జరిమానాలు రాశాడు. ప్రాణం మీదికి వచ్చిన రోగానికి పైవాళ్ళకు తెలపకుండా వైద్యం చేసి రోగి పోతే ఒక దండన, వైద్యుడి తప్పు వల్లే పోతే అంతకు మించిన దండన. బాబిలోన్ రాజు హమ్మురాబి అయితే పెద్దింటి మనిషి కత్తి కింద పోతే సర్జన్ చేతులే తీయించమన్నాడు.

వైద్యుడి మీద కన్నేసి ఉంచాలన్న ఆలోచన కొత్తది కాదన్నమాట. ఆ కన్ను చూసి వైద్యుడు బెదిరిపోతే నష్టపోయేది ఎవరన్న ప్రశ్న కూడా పాతదే. ఈ ప్రశ్నను అంకెల్లో పెట్టి చూడగలిగిన చోటు ఈ కాలంలో ఒకటుంది. అది అమెరికాలోని అవయవ మార్పిడి కేంద్రాలు.

అక్కడ 1984లో అవయవ మార్పిడి చట్టం వచ్చింది. ఆ చట్టం పుణ్యమా అని ఏ ఆస్పత్రిలో ఎవరికి ఏ అవయవం పెట్టారు, అది ఎన్నాళ్ళు పనిచేసింది, మనిషి ఎన్నాళ్ళు బతికాడు అన్నది దేశమంతటికీ ఒకచోట నమోదవుతుంది. ఆరు నెలలకొకసారి ఆస్పత్రి వారీగా నివేదికలు వెలువడతాయి. రోగి, రోగి బంధువు, ఇన్సూరెన్స్ కంపెనీ, పోటీ ఆస్పత్రి, ఎవరైనా చూసుకోవచ్చు. ఊరికే చావులు లెక్కపెట్టి వదిలేయరు. రోగి వయసెంత, షుగరుందా, దాత ఎలాంటివాడు అని చూసి, ఇలాంటి కేసుల్లో మామూలుగా ఇన్ని పోవచ్చు అని ముందు ఒక అంచనా కడతారు. జరిగినదాన్ని ఆ అంచనా పక్కన పెట్టి పోలుస్తారు. ఇంత నిజాయితీగా తన పని లెక్క తాను బయటపెట్టుకునే వైద్యశాఖ ప్రపంచంలో మరొకటి ఉందా అంటే, వెతుక్కోవలసిందే.

2007 మార్చిలో, ప్రభుత్వ ఆరోగ్య బీమా నడిపే మెడికేర్ శాఖ ఈ లెక్కకు కోరలు పెట్టింది. అమెరికాలో కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళలో ఎక్కువమందికి బిల్లు కట్టేది మెడికేరే. దాని గుర్తింపు పోయిందంటే మార్పిడి కార్యక్రమానికి తాళం వేసుకోవడమే. అప్పటి కొత్త నిబంధన ప్రకారం మొదటి ఏడాదిలో జరిగిన నష్టాలు మూడు గీతలు దాటకూడదు. అంచనా కన్నా మూడుకు మించి ఎక్కువ ఉండకూడదు, అంచనాకు ఒకటిన్నర రెట్లు మించకూడదు, ఆ తేడా కేవలం కాకతాళీయం అనుకోవడానికి వీల్లేనంతగా ఉండకూడదు. మూడూ ఒకేసారి దాటితే ఆ కేంద్రం అధికారుల కంట్లో పడేది.

వినడానికి బాగానే ఉంది. ఆ నిబంధన నడిచిన కాలంలో ఒక రాత్రిని ఊహించుకుంటే గానీ ఇందులో చిక్కు అర్థం కాదు.

రెండున్నరకు ఫోన్ మోగుతుంది. అవతల కోఆర్డినేటర్. దాతకు 64 ఏళ్ళు, మెదడులో నరం చిట్లి పోయాడు. పదిహేనేళ్ళుగా బీపీ. చివరి క్రియాటినిన్ 1.8. కిడ్నీ మంచు పెట్టెలోకి వెళ్ళి అప్పుడే పద్నాలుగు గంటలైంది. కేడీపీఐ 88. దాత వయసు, బీపీ, షుగర్, క్రియాటినిన్ లాంటివి కలిపి ప్రతి కిడ్నీకీ కట్టే మార్కు ఇది. మామూలు మార్కులకు తిరగేసి ఉంటుంది, ఎంత ఎక్కువైతే కిడ్నీ అంత అరిగినట్టు. 85 దాటితే చేతులు వణుకుతాయి. జాబితాలో ఆ కిడ్నీకి సరిపోయే రోగి ఒకాయన ఉన్నాడు. 61 ఏళ్ళు, నాలుగేళ్ళుగా వారానికి మూడుసార్లు డయాలసిస్. కొద్ది నిమిషాల్లో జవాబు చెప్పాలి.

ఇప్పుడు సర్జన్ మనసులో ఇంకో లెక్క నడుస్తుంది. ఆ కేంద్రం ఏడాదికి 40 కిడ్నీలు పెడుతుందనుకుందాం. రెండున్నరేళ్ళ లెక్క తీస్తారు కాబట్టి 100 కేసులు. అందులో మొదటి ఏడాదిలోపు ఐదు విఫలం కావచ్చని అంచనా అనుకుందాం. తొమ్మిది విఫలమైతే మూడో గీత దాటదు, ఆ తేడాను దురదృష్టం కింద వదిలేయవచ్చు. పదోది విఫలమైందా, మూడు గీతలూ దాటినట్టే. నూటికి పది. ఎనిమిదో తొమ్మిదో దగ్గర ఉన్న కేంద్రంలో ఆ రాత్రి ఫోన్ ఎత్తిన మనిషికి, తాను చూడవలసింది డయాలసిస్ కుర్చీలో ఉన్న పెద్దాయన్నా, పదో గీటునా?

"వద్దు" అంటే సర్జన్ని ఎవరూ ఏమీ అడగరు. కారణం రాసే గడిలో అవయవ నాణ్యత చాలదని ఒక కోడ్ వేస్తే పని అయిపోతుంది. ఆ ఫోన్ వచ్చినట్టు కూడా రోగికి తెలియదు. మర్నాడు యథాప్రకారం డయాలసిస్‌కు వెళ్తాడు. ఏ నెలలోనో గుండె ఆగి పోతే, ఆ చావు ఈ నిబంధన గీతల్లో ఎక్కడా పడదు. ఆపరేషన్ చేశాక పోతేనే లెక్క. చేయకుండా పోయినవాడు దేవుడు తీసుకెళ్ళినవాడు.

ఇది ఊహ అని కొట్టిపారేయడానికి లేకుండా పరిశోధకులు అంకెలు తీశారు. 2013లో అచ్చయిన ఒక అధ్యయనం ప్రకారం, ఫలితాలు బాగాలేవని నివేదికల్లో పేరు పడ్డ కిడ్నీ కేంద్రాల్లో ఆ తర్వాత మార్పిడులు సగటున 22 తగ్గాయి. మిగతా కేంద్రాల్లో అదే కాలంలో దాదాపు 8 పెరిగాయి. లివర్ రోగుల మీద 2016లో వచ్చిన మరో పరిశీలనలో, 2007 నిబంధన తర్వాత "జబ్బు మరీ ముదిరింది" అన్న కారణంతో వెయిటింగ్ లిస్టు నుంచి పేర్లు తీసేయడం 16 శాతం పెరిగిందని తేలింది. పోనీ, ఆ ఏరివేత వల్ల ఆపరేషన్ అయినవాళ్ళ ఏడాది బతుకు మెరుగైందా అంటే, చెప్పుకోదగ్గ తేడా లేదట. అన్నిటికన్నా మనసును పట్టుకునేది 2019లో వచ్చిన లెక్క. కిడ్నీ కోసం ఎదురుచూస్తూ చనిపోయినవాళ్ళకు, చనిపోయేలోపు వచ్చి వెనక్కి వెళ్ళిన కిడ్నీల మధ్యగత సంఖ్య 16. పదహారుసార్లు వాళ్ళ పేరు మీద ఫోన్ మోగింది. పదహారుసార్లు ఎవరో "వద్దు" అన్నారు. మామూలుగా ఆ సంగతి వాళ్ళకు చెప్పరు.

అదే ఏడాది ఫ్రెంచివాళ్ళు తమ దేశాన్ని అమెరికాతో పోల్చి చూసుకున్నారు. 2004 నుంచి 2014 దాకా దాతల నుంచి తీసిన కిడ్నీల్లో అమెరికా 17.9 శాతం పారేసింది, ఫ్రాన్స్ 9.1 శాతమే పారేసింది. ఫ్రాన్స్‌లో పెట్టిన కిడ్నీల దాతల సగటు వయసు 50 దాటింది, అమెరికాలో 36 చిల్లర. ఫ్రాన్స్ పద్ధతిలో నడిచి ఉంటే అమెరికా పారేసిన 28 వేల కిడ్నీల్లో 17 వేలకు పైగా ఎవరో ఒకరి ఒంట్లో పనిచేస్తూ ఉండేవని వాళ్ళ లెక్క. ఈ తేడాకు నిఘా ఒక్కటే కారణమనడం న్యాయం కాదు, దాతల తీరు, పంపకం పద్ధతి, ఆస్పత్రుల ఆర్థికం చాలా కలుస్తాయి. కానీ భయం వాటా లేదనడం కూడా కష్టమే.

గుండె ఆపరేషన్లలో ఈ నాటకం ముందే ఆడేశారు. న్యూయార్క్ రాష్ట్రం 1990ల మొదట్లో బైపాస్ సర్జన్ల పేర్లతో సహా మరణాల పట్టిక ప్రకటించడం మొదలుపెట్టింది. మరణాల రేటు బాగా పడిపోయింది, చప్పట్లు మోగాయి. తర్వాత తీరిగ్గా చూస్తే బాగా జబ్బుపడ్డవాళ్ళలో కొందరు ఒహాయోలోని క్లీవ్‌ల్యాండ్‌కు చేరుతున్నారని ఒక పరిశీలన చెప్పింది. 2005లో అచ్చయిన ఒక సర్వేలో న్యూయార్క్ రాష్ట్రంలోని యాంజియోప్లాస్టీ డాక్టర్లను అడిగితే 79 శాతం మంది దాపరికం లేకుండా ఒప్పుకున్నారు, విషమంగా ఉన్న రోగి విషయంలో పట్టికలో పడే తమ పేరు గుర్తొస్తుందని.

నిఘా వల్ల "వద్దు" అనడమే కాదు, దానికి తలకిందులైన వికారం కూడా పుడుతుంది. 2018 సెప్టెంబరులో న్యూజెర్సీలో ఒకాయనకు గుండె మార్పిడి చేశారు. ఆయన మళ్ళీ స్పృహలోకి రాలేదు. మెదడు దెబ్బతింది. ప్రోపబ్లికా అనే వార్తాసంస్థ ఏడాది తర్వాత ఆ ఆస్పత్రి సమావేశాల రికార్డింగులు బయటపెట్టింది. ఫలానా తేదీ దాకా ఎలాగైనా ప్రాణం నిలబెట్టాలి, లేకపోతే కార్యక్రమం లెక్క చెడుతుందన్న మాటలు అందులో వినిపించాయి. కుటుంబానికి ఉన్న ఇతర దారుల గురించి గట్టిగా చెప్పలేదు. ఉత్తరాయణం కోసం అంపశయ్య మీద ఆగాడు భీష్ముడు, అది ఆయన ఇష్టం, ఆయన వరం. ఈయన్ని మంచం మీద ఆపింది నివేదికలో ఒక గడువు తేదీ.

ఇక్కడిదాకా వచ్చాక నిఘా అంతా దండగ, డాక్టర్లను వాళ్ళ మానాన వదిలేయండి అనేవాళ్ళు బయలుదేరుతారు. వాళ్ళకు సాయంగా భగవద్గీతను కూడా లాక్కొస్తారు. ఫలం మీద నీకు హక్కు లేదని కృష్ణుడే అన్నాడు కదా, సర్జన్ తన పని తాను చేస్తాడు, బతికితే బతికాడు, పోతే పోయాడు, ఫలితాలు లెక్కపెట్టడమేమిటి అని. ఇంతకన్నా ప్రమాదకరమైన వ్యాఖ్యానం ఉండదు. గీత వదలమన్నది ఫలం మీద ఆశను, పనిలో నేర్పును కాదు. అదే అధ్యాయంలో యోగమంటే పనితనమే అని కూడా ఉంది. తన చేతిలో ఎంతమంది పోయారో చూసుకోని సర్జన్ నిష్కామయోగి కాడు, అజాగ్రత్త మనిషి.

నిఘా ఎందుకు కావలసి వచ్చిందో కూడా మరచిపోకూడదు. 2007 నిబంధన ఇంకా ఖరారు కాకముందు, 2005 నవంబరులో, దక్షిణ కాలిఫోర్నియాలో ఒక విశ్వవిద్యాలయ ఆస్పత్రి సంగతి లాస్ ఏంజెలెస్ టైమ్స్ బయటపెట్టింది. ఆ లివర్ కార్యక్రమానికి ఏడాదికి పైగా పూర్తికాలపు సర్జన్ లేడు. వచ్చిన లివర్లను వచ్చినట్టే వెనక్కి పంపుతూ పోయింది. రెండేళ్ళలో 30 మందికి పైగా రోగులు ఎదురుచూస్తూనే పోయారు. మెడికేర్ డబ్బు ఆపేసింది, కార్యక్రమం మూతపడింది. విచిత్రం చూడండి. దేశాన్ని కుదిపిన ఆ కేసులో నేరం ఆపరేషన్ చేసి చంపడం కాదు, చేయకుండా వదిలేయడం. పదహారు నెలల తర్వాత అచ్చయిన నిబంధనలో ఆ మూడు గీతలు మాత్రం చేసిన ఆపరేషన్ల మీదే గీశారు.

ఇక్కడే అసలు ప్రశ్న తగులుతుంది. చేయకపోవడం అనేది ఒక పనేనా? దానికి పాపం అంటుకుంటుందా?

మన శాస్త్రాల్లో దీని మీద పెద్ద తగాదా ఉంది. సంధ్యావందనం లాంటి నిత్యకర్మ చేస్తే ప్రత్యేకించి పుణ్యమేమీ రాదు, మానేస్తే మాత్రం పాపం వస్తుందని కర్మకాండను నమ్మే మీమాంసకుల పక్షం. దీనికి ప్రత్యవాయం అని పేరు. శంకరాచార్యులు దీన్ని ఒప్పుకోలేదు. చేయకపోవడం అంటే ఒక లేమి, అభావం. లేనిదాంట్లోంచి ఉన్నది ఎలా పుడుతుంది? అభావం నుంచి పాపమనే భావరూపమైన వస్తువు పుట్టడం తర్కానికి నిలవదని ఆయన వాదన. విత్తనం వేయని పొలంలో కలుపు మొక్క మాత్రం వేయనితనం వల్లే మొలిచిందంటే ఒప్పుకుంటామా?

మెడికేర్ శాఖ శంకరభాష్యం చదివి ఉండదు. కానీ 2007లో అది తెలియకుండానే ఆయన పక్షాన నిలబడింది. చేసిన ఆపరేషన్‌కు ఫలం ఉంది, దాన్ని లెక్కపెడతాం. చేయని ఆపరేషన్ అభావం, దానికి లెక్కేమిటి? డయాలసిస్ కుర్చీలో పోయిన పెద్దాయన భార్య మాత్రం పట్టుదల గల మీమాంసకురాలు. పదహారుసార్లు వద్దన్నారని తెలిస్తే ఆవిడ ఆ పదహారింటినీ పనులుగానే చూస్తుంది. ఆవిడే రైటు.

ఎందుకంటే "వద్దు" అనడం సంధ్యావందనం మానేయడం లాంటిది కాదు. నిద్రపోయి చేయకపోవడం వేరు, మేలుకుని, ఫోనెత్తి, విని, ఆలోచించి, కోడ్ వేసి చేయకపోవడం వేరు. గీత నాలుగో అధ్యాయంలో కృష్ణుడు పనిలో పని లేకపోవడాన్నీ, పని లేకపోవడంలో పనినీ చూడగలిగినవాడే తెలివైనవాడంటాడు. అక్కడ శంకరులే ఒక చక్కటి పోలిక తెచ్చారు. నావలో కూర్చుని వెళ్తున్నవాడికి ఒడ్డున కదలని చెట్లు కదులుతున్నట్టు కనిపిస్తాయి, దూరాన నిజంగా కదిలేవి ఆగినట్టు కనిపిస్తాయి. ఆయన చెబుతున్నది ఆత్మ సంగతి, ఆస్పత్రి సంగతి కాదు, దాన్ని ఇక్కడికి లాక్కురావడం వ్యాసకర్తల దురలవాటు. అయినా పోలిక అతికినట్టు సరిపోతుంది. ఒడ్డున రోగి రోజురోజుకీ జారిపోతుంటాడు, నావలో ఉన్నవాడి కంటికి ఏమీ కదలదు.

భయం ఎంత నిజం అన్నది మరో సంగతి. నివేదికలు తయారుచేసే సంస్థ పరిశోధకులే 2016లో వెనక్కి తిరిగి చూశారు. అరిగిన కిడ్నీలు ఎక్కువగా తీసుకున్న కేంద్రాలకు నిజంగా తక్కువ మార్కులు పడ్డాయా అని. పడలేదు. అంచనా కట్టేటప్పుడే కిడ్నీ నాణ్యతను లెక్కలోకి తీసుకుంటారు కాబట్టి, కష్టమైన కేసు చేసినవాడికి కష్టం మార్కులు కలుస్తున్నాయి. అంటే సర్జన్లు ఇన్నేళ్ళూ తాడును చూసి పామనుకున్నారా? కొంతవరకు అంతే. కానీ మసక చీకట్లో తాడును చూసి పరిగెత్తినవాడి కాలు మాత్రం నిజంగానే విరుగుతుంది. పైగా తాడు పూర్తిగా తాడూ కాదు. మనిషి ఎంత బలహీనంగా ఉన్నాడు, ఇంట్లో మందులు వేళకు ఇచ్చే దిక్కుందా, కాళ్ళ నరాలు ఎంత పూడుకుపోయాయి అన్నవన్నీ ఆ అంచనా సూత్రంలో పూర్తిగా ఇమడవు. సర్జన్ కళ్ళకు కనిపిస్తాయి, లెక్కకు కనిపించవు. ఆ తేడాలోనే భయం గూడు కట్టుకుంటుంది.

సర్జన్ జాగ్రత్త అంతా పిరికితనమని తేల్చేయడం కూడా తప్పు. ఉన్న కిడ్నీ ఒక్కటి, అడిగేవాళ్ళు వందమంది. రెండు నెలల్లో పోతాడని తెలిసిన మనిషికి మంచి అవయవం పెడితే, దానితో పదిహేనేళ్ళు బతకగలిగే మరొకరి నోట్లో మట్టి కొట్టినట్టే. దాత తల్లి ఏడుస్తూ సంతకం పెట్టిన కాగితానికి కూడా ఒక గౌరవం ఉంది. "ఈ రోగికి ఇది పనికిరాదు" అన్న వద్దు ఒకటి, "మా కేంద్రానికి ఇది పనికిరాదు" అన్న వద్దు మరొకటి. రెండింటికీ కోడ్ ఒకటే. బయటివాడికి ఏది ఏదో తెలియదు. చాలా రాత్రుల్లో ఆ సర్జన్‌కే తెలియదేమో.

దాతలకు మన పురాణాల్లో గుళ్ళు కట్టాం. వెన్నెముక ఇచ్చిన దధీచి, తొడ కోసి తూచిన శిబి, శ్రీకాళహస్తిలో కన్ను పెకలించి శివుడికి పెట్టిన కన్నప్ప.  అవయవాన్ని అతికించే వైద్యుడి కథ అంటే గుర్తొచ్చేది దేవవైద్యులు అశ్వినులది. మధువిద్య చెబితే తల తీస్తానని ఇంద్రుడు ఒక రుషిని బెదిరించినందుకు, వాళ్ళు ఆ రుషి తలను ముందే తీసి దాచి, గుర్రం తల అతికించి విద్య నేర్చుకున్నారు. ఇంద్రుడు గుర్రం తల నరికాక అసలు తల మళ్ళీ పెట్టారు. ఇంతటి ఘనులకు చాలాకాలం యజ్ఞంలో సోమరసం భాగం ఇవ్వలేదు, మనుషుల మధ్య తిరిగే వైద్యులని చిన్నచూపు. తెగించే వైద్యుడి మీద పైవాళ్ళకు అనుమానం అప్పటినుంచే ఉందన్నమాట. కానీ వచ్చిన దానాన్ని తలుపు దగ్గరే వద్దని పంపేసినవాడి కథ మనవాళ్ళు రాయలేదు. అలాంటివాడొకడు ఉంటాడని వాళ్ళకు తట్టి ఉండదు.

అమెరికాలో ఇప్పుడు ఆ కథ రాస్తున్నారు, నిబంధనల భాషలో. 2016లో మెడికేర్ శాఖ ఒకటిన్నర రెట్ల గీతను 1.85కు జరిపింది. 2019లో, ఒకసారి గుర్తింపు పొందిన కేంద్రాలు మళ్ళీ గుర్తింపు కోసం ఆ ఫలితాల గీతలు దాటకూడదన్న షరతునే ఎత్తేసింది. 2021 డిసెంబరులో దేశవ్యాప్త మార్పిడి యంత్రాంగం కొత్త కొలమానాలు నాలుగు ఒప్పుకుంది. ఆపరేషన్ తర్వాత 90 రోజుల ఫలితం, అది దాటినవాళ్ళ ఏడాది ఫలితం రెండూ పాతవాటి తమ్ముళ్ళే. మిగతా రెండింట్లోనే కొత్తదనమంతా ఉంది. వచ్చిన అవయవాల్లో ఎన్ని తీసుకున్నారు అన్నది ఒకటి, మార్పిడి జరగకుండా జాబితాలో ఉండగా ఎంతమంది పోయారు అన్నది మరొకటి. చిత్రగుప్తుడి చిట్టాలో ఇన్నాళ్ళకు రెండో పేజీ తెరిచారు.

2025 జూలై 1న మరో అడుగు పడింది. 103 కిడ్నీ ఆస్పత్రులను తప్పనిసరిగా కలిపి ఆరేళ్ళ ప్రయోగం మొదలైంది. నూరు మార్కుల్లో 60 ఎన్ని కిడ్నీలు పెట్టారు అన్నదానికి, 20 వచ్చినవాటిలో ఎన్ని తీసుకున్నారు అన్నదానికి, మిగతా 20 పెట్టినవి ఎంతకాలం పనిచేశాయి అన్నదానికి. బాగా చేస్తే మెడికేర్ రోగికి పెట్టిన ఒక్కో కిడ్నీకి 15,000 డాలర్ల దాకా బహుమానం, బాగా చేయకపోతే 2,000 దాకా జరిమానా. శిబి త్రాసులో ఇప్పుడు మాంసం వేసే పళ్ళెం మారింది. రేపు అంకె కోసం పనికిరాని కిడ్నీని ముసలాయన ఒంట్లో కుట్టేస్తారేమోనన్న భయం కొత్తగా పుడుతుంది, పుట్టాలి కూడా. కానీ ఆ తప్పు జరిగితే కనిపిస్తుంది. మొన్నటిదాకా జరిగిన తప్పు కనిపించేది కాదు.

ఇక మన సంగతి. 2021 ఫిబ్రవరిలో హైదరాబాదులో నాగోలు నుంచి జూబ్లీహిల్స్ దాకా మెట్రో రైలు మధ్యలో ఎక్కడా ఆపకుండా ఒక గుండెను తీసుకెళ్ళినప్పుడు ఊరంతా గర్వపడింది. గర్వపడాల్సిన సంగతే. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన జీవన్‌దాన్ ఇప్పుడు రెండు రాష్ట్రాల్లో వేర్వేరుగా నడుస్తోంది. ఎందరు దాతలు, ఎన్ని అవయవాలు అన్న లెక్క కనిపిస్తుంది. ఫలానా ఆస్పత్రిలో పెట్టిన గుండెల్లో, లివర్లలో ఏడాది తర్వాత ఎన్ని కొట్టుకుంటున్నాయి, ఎన్ని పనిచేస్తున్నాయి అని అమెరికా రోగిలా ఇంట్లో కూర్చుని పోల్చి చూసుకునే వీలు మన రోగికి లేదు. నిఘా అతి అయితే ఏమవుతుందో అక్కడివాళ్ళు చవిచూశారు. అసలు లేకపోతే ఏమవుతుందో మనం చూస్తున్నాం, చూస్తున్నట్టు మనకే తెలియదు. ఆస్తులమ్మి లివర్ పెట్టించుకునే కుటుంబం పక్కింటివాళ్ళ మాట మీద, హోర్డింగు మీద, తెలిసిన డాక్టరు సిఫారసు మీద ఆధారపడుతుంది.

ఈరోజు కాకపోతే రేపు ఇక్కడా ఆస్పత్రి వారీ పట్టిక ఒకటి తప్పదు. దాన్ని గీసే అధికారులకు ఒక మనవి. బతికినవాళ్ళు, పోయినవాళ్ళు అని రెండు గడులు గీసి ఊరుకోకండి. వాటికి ముందు, ఎడమ చేతి అంచున, "వచ్చి వెనక్కి పంపినవి" అని ఇంకో గడి గీయండి. ఆ గడిలో పడిన ప్రతి అంకెకూ కారణమేమిటో, ఎవరి పేరు మీద వచ్చిందో ఆ రోగికి ఒక ఉత్తరం ముక్క వెళ్ళేలా చూడండి.